కుండీ మొక్కకు దాహమెప్పుడు? - ద్వీప ఋతువులలో నీటి లెక్క

అడగందే అమ్మయినా పెట్టదని మన పెద్దల సామెత. కుండీలోని మొక్కకు ఆ అడిగే నోరు లేదు. అందువల్ల మన ఇళ్ళలో దానికి రెండు విధాలైన కష్టాలు కలుగుతున్నాయి. ఒక ఇంట అడగలేదు గదా అని మరచిపోతారు. మరొక ఇంట అడగకముందే పెట్టాలని రెండు పూటలా పోస్తారు. మొదటి ఇంటి మొక్క వాడిపోతుంది గాని, సకాలంలో నీరు పోస్తే చాలవరకు తేరుకుంటుంది. రెండవ ఇంటి మొక్క చూడటానికి పచ్చగానే ఉండి, ఒక్కొక్క ఆకే పసుపుబారి, కాడ మొదట మెత్తబడి, ఒకనాడు పట్టుకొని లాగగానే వేళ్ళు లేకుండా చేతిలోకి వస్తుంది. అప్పుడు ఎంత శ్రద్ధ చూపినా ప్రయోజనం ఉండదు.

అండమాన్ నికోబార్ దీవులకు బదిలీపై వచ్చే మన ఉద్యోగ కుటుంబాలు ఇంటి సామానుతోపాటు ఒకటి రెండు మొక్కలను కూడ తెచ్చుకోవడమో, వచ్చిన కొద్ది రోజులలో ఇరుగుపొరుగు వారినుంచి ఒక మనీ ప్లాంటు కొమ్మను తెచ్చి నాటుకోవడమో పరిపాటి. ఇక్కడి గాలిలో తేమ ఉన్నది, చలి లేదు, వానకు కొదవ లేదు. ఇటువంటి చోట ఆకుల మొక్క చావవలసిన పని లేదు. అయినా చస్తున్నది. దానికి ముఖ్యకారణం నీటి కొరత కాదు, నీటి ఎక్కువా కాదు; ప్రధాన భూభాగంలో అలవడిన నీటి వేళలను ఇక్కడి ఋతువులమీద అమలు చేయడమే. మేము వృత్తిరీత్యా ఇంజనీర్లమే గాని వృక్షశాస్త్రజ్ఞులము కాము. అయినను కుండీలో నీటి నడక మాకు పరిచయమున్న విషయమే కావున, ఆ దృష్టితో నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

రోహిణి కార్తెలో వాన

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల మూలాలు గలవారు ఎక్కువ. మన తెలుగువారికి ఋతువులను కార్తెలతో లెక్కించుకోవడం అలవాటు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మే 25 ప్రాంతంలో మొదలయ్యే ఆ రెండు వారాలు మన జిల్లాలలో కుండీలకు ఉదయం, సాయంత్రం నీరు పోయక తప్పని రోజులు. మృగశిర వచ్చి తొలకరి పడిన తరువాతనే అక్కడ చేయి కొంచెం తగ్గిస్తారు.

ద్వీపాలలో సంగతి వేరు. నైఋతి ఋతుపవనాలు కేరళను తాకడానికి పది రోజుల ముందే, సాధారణంగా మే 20 ప్రాంతానికి, అండమాన్ సముద్రం మీదికి వస్తాయి. అనగా మన ఊళ్ళలో రోహిణి ఎండలు మండుతున్న నాటికి ఇక్కడ చూరులు కారుతూ ఉంటాయి. ఆ వాన సెప్టెంబరు వరకు సాగి, దాని వెనుకనే ఈశాన్య ఋతుపవనాలు అందుకొని డిసెంబరు వరకు ఆగి ఆగి కురుస్తాయి. 2024 లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లేయర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అయితే ఇందులో జనవరి నుంచి ఏప్రిల్ వరకు గల నాలుగు నెలల వాటా చాల స్వల్పం. సంక్రాంతి మొదలు ఉగాది దాటే వరకు ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి వీస్తూ, మట్టి త్వరగా ఆరిపోతుంది. ధనికారి జలాశయం మట్టం తగ్గి, కుళాయి నీరు రోజు విడిచి రోజు, కొన్ని సంవత్సరాలలో ఇంకా ఎడంగా వచ్చేది కూడ ఈ నెలలలోనే. ఇంత వాన పడే చోట నీటికి కటకట ఎందుకని కొత్తగా వచ్చినవారు ఆశ్చర్యపడతారు. ద్వీపం ఇరుకు, కొండ ఏటవాలు. పడిన నీరు నిలిచే వ్యవధి లేకుండా సముద్రంలోకి పోతుంది.

ఇక ఇంగ్లండు, అమెరికాలలో అచ్చయిన ఇంటిమొక్కల పుస్తకాలు చదివి నడుచుకొనేవారున్నారు. వాటిలో శీతాకాలమున నీరు తగ్గించి, వేసవిలో పెంచమని ఉంటుంది. లండనులో డిసెంబరు పగలు 8 గంటలు కూడ ఉండదు, జూన్ పగలు 16 గంటలకు పైబడి ఉంటుంది. అక్కడి మొక్క చలికి, చీకటికి పెరుగుదల నిలిపివేస్తుంది కావున ఆ సలహా అక్కడికి సరిపోతుంది. పోర్ట్‌బ్లేయర్ ఉన్నది సుమారు 11.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ అతి పెద్ద పగటికి, అతి చిన్న పగటికి తేడా గంటన్నరకు మించదు. రాత్రి ఉష్ణోగ్రత కూడ ఏడాది పొడవునా 20 డిగ్రీలకు పైనే ఉంటుంది. మొక్క నిద్రపోయే చలికాలమే ఇక్కడ లేదు. పుస్తకంలో నీరు తగ్గించమన్న జనవరి, ఫిబ్రవరులలో ఇక్కడి కుండీకి నీరు ఎక్కువ కావాలి. పెంచమన్న జూన్, జూలైలలో తక్కువ కావాలి.

వేరుకు కూడ ఊపిరి కావాలి

నీరు ఎక్కువైతే మొక్క ఎందుకు చస్తుందో తెలిస్తే చేయి దానంతటదే ఆగుతుంది. వేరు నీటిని పీల్చే గొట్టం మాత్రమే కాదు. అది ప్రాణమున్న భాగము. పని చేయడానికి దానికి ప్రాణవాయువు కావాలి. మట్టిలో రేణువుల మధ్య ఉండే ఖాళీలలో పెద్దవి గాలికి, చిన్నవి నీటికి నిలయాలు. ఎడతెగకుండ నీరు పోస్తే పెద్ద ఖాళీలు కూడ నిండిపోతాయి. ప్రాణవాయువు గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం సుమారు పదివేల రెట్లు తక్కువ. కావున నీటిలో మునిగిన వేరుకు ఊపిరాడదు. అది కమిలిన తరువాత తడి మట్టిని ఆశ్రయించి ఉండే పిథియం వంటి సూక్ష్మజీవులు దానిని కుళ్ళజేస్తాయి. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు. ఫలితంగా కుండీ నిండా నీరున్నా పైన ఆకు వాడిపోతుంది. అది చూచి ఇంకొక చెంబెడు పోస్తాము. ఇక్కడనే మొక్కకు అంత్యదశ మొదలవుతుంది.

మనీ ప్లాంటు పుట్టుక తెలిసినవారికి ఇది వింతగా తోచదు. దాని స్వస్థలం పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా అనే చిన్న ద్వీపం. అదీ మనవలె ద్వీపవాసియే. అడవిలో అది చెట్టు మొదలును పట్టుకొని పైకి ప్రాకుతుంది. కణుపు కణుపునా పుట్టే వేళ్ళు బెరడును అంటిపెట్టుకొని ఉంటాయి. వాన పడినప్పుడు తడుస్తాయి, వాన వెలిసిన తరువాత గాలికి ఆరుతాయి. తడుపు, ఆరుపు అనే ఈ రెండూ కలిస్తేనే దానికి సుఖం. కుండీలో మనం కల్పించవలసినది కూడ ఆ వరుసనే.

కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలమంది నమ్మకం. ఇంట్లో పిల్లలచేత ఒక చిన్న ప్రయోగం చేయించండి. గిన్నెలు తోమే స్పంజి ముక్కను నీటిలో ముంచి, అడ్డంగా పట్టుకొని నీరు కారడం ఆగేవరకు ఉంచి, తరువాత నిలువుగా త్రిప్పమనండి. మరికొంత నీరు కారుతుంది. అనగా అడుగుభాగంలో కొంత ఎత్తు వరకు నీరు తనంతట దిగకుండ నిలిచి ఉంటుంది. స్పంజి లోతు పెరిగితే ఆ తడి పొర పైభాగానికి దూరమవుతుంది. కుండీలోని మట్టి కూడ ఇట్లే ప్రవర్తిస్తుంది. అడుగున రాళ్ళు పరిస్తే ఆ తడి పొర రాళ్ళ పైకి జరిగి వేళ్ళకు మరింత దగ్గరవుతుందే గాని తొలగిపోదు. రంధ్రాన్ని ఒక పెంకుముక్కతో వదులుగా మూసి, కుండీ అంతా గుల్లగా ఉండే మట్టి నింపడమే సరైన పద్ధతి. ద్వీపాలలో కొబ్బరిపీచుకు లోటు లేదు. తోటమట్టి, బాగా మాగిన ఆకుల ఎరువు, కొబ్బరిపీచు ముక్కలు సమపాళ్ళలో కలిపితే సరిపోతుంది. పీచులో సహజంగా లవణాలుంటాయి కనుక రెండు మూడుసార్లు మంచినీటిలో నానబెట్టి ఆ నీరు పారబోయాలి. సముద్రపుటొడ్డు ఇసుక మాత్రం కలుపరాదు.

గాలి త్రాగే నీరు

మనం పోసిన నీటిలో అధికభాగం మొక్క ఒంటికి పట్టదు. ఆకుల ద్వారా, మట్టి పైభాగం ద్వారా గాలిలో కలిసిపోతుంది. కాబట్టి మొక్క దాహం ఎంత అన్న ప్రశ్న, గాలి దాహం ఎంత అన్న ప్రశ్నే.

30 డిగ్రీల వేడిగల ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. వర్షాకాలంలో సాపేక్ష ఆర్ద్రత 85 శాతమున్న రోజున అందులో ఇంక 4.5 గ్రాములకు మాత్రమే చోటు ఉంటుంది. పొడి నెలలలో ఆర్ద్రత 70 శాతానికి తగ్గినదనుకుందాము. అప్పుడు 9 గ్రాములకు చోటు ఏర్పడుతుంది. ఉష్ణమాపకంలో అంకె మారలేదు, మనకు ఒంటికి పెద్ద తేడా తెలియదు. గాలి దాహం మాత్రం రెట్టింపయినది. దానికి ఎండ, వీచే గాలి తోడైతే ఇంకను ఎక్కువ. ఏడాది పొడవునా ఒకే చెంబు, ఒకే వేళ అన్న నియమం ఎందుకు పనికిరాదో ఈ లెక్క చెబుతుంది.

ఏసీ గదులలో, పంకా క్రింద ఉంచిన కుండీలకు బయటి ఋతువు వర్తించదు. ఏసీ యంత్రం గదిలోని తేమను పిండి బయట పారబోస్తుంది. అందుచేత జోరున వాన కురిసే జూలైలో కూడ కార్యాలయపు బల్లమీది మొక్కకు పొడి ఋతువే నడుస్తూ ఉండవచ్చు. దానిని విడిగా చూచుకోవాలి.

ఎత్తి చూడటమే పరీక్ష

ద్వీపాలలో చాల ఏళ్ళు తోటపని చేసిన శ్రీకాకుళపు పెద్దాయన ఒకరు, మా కాలనీలో ఒక ఇల్లాలు "వారానికి ఎన్నిసార్లు పోయాలి తాతా?" అని అడిగితే, "వారం నెక్క మనకమ్మా, మొక్కకు కాదు. కుండీ ఎత్తి సూడు. బరువుంటే దాని కడుపు నిండినట్టు. తేలిగ్గుంటేనే నీల్లెయ్యి" అని చెప్పగా విన్నాము. ఇంజనీరింగు దృష్టితో చూచినా ఇంతకంటె సరైన కొలత మాకు కనబడలేదు. లీటరు నీరు కిలోగ్రాము తూగుతుంది. నోటివద్ద 20 సెంటీమీటర్ల వెడల్పుగల కుండీలో 4, 5 లీటర్ల మట్టి పడుతుంది. నిండా తడిసినప్పటికి, నీరు పోయవలసినప్పటికి దాని బరువులో దాదాపు ఒక కిలో తేడా రావచ్చు. ఆ తేడా చేతికి తెలియకపోదు. బాగా తడిపి, అదనపు నీరు కారిపోయిన తరువాత ఒకసారి, ఆకు కొంచెం మెత్తబడిన నాడు మరొకసారి ఎత్తి చూస్తే చేతికి రెండు హద్దులూ గుర్తుంటాయి.

ఎత్తలేని పెద్ద కుండీలకు వేరే ఉపాయాలున్నాయి. చూపుడువేలిని రెండవ కణుపు వరకు మట్టిలోకి దించి చూడాలి. పైన పొడిగా ఉండి వేలి చివర తడి తగిలితే ఆగాలి. లోతైన కుండీలో కొబ్బరి ఈనెను అడుగుదాకా గ్రుచ్చి, రెండు నిమిషాలాగి తీయాలి. తడి మట్టి అంటుకొని వస్తే మరి రెండు రోజులు ఆగవచ్చు.

వాడిన ఆకు ఒక్కటే చూచి తొందరపడరాదు. ఆకు వాడి, కుండీ తేలికగా, మట్టి అంచులు విడిచి ఉంటే అది దాహం. ఆకు వాడి, కుండీ బరువుగా, మట్టి ముక్కవాసన వేస్తూ, అడుగు ఆకులు పసుపుబారుతూ ఉంటే అది ఊపిరాడకపోవడం. రెండవదానికి మందు నీరు కాదు. కుండీనుంచి మొక్కను తీసి, నల్లబడి మెత్తనైన వేళ్ళను కత్తిరించి, కొత్త గుల్లమట్టిలో నాటి, నీడలో ఉంచాలి. మనీ ప్లాంటయితే పైనున్న ఆరోగ్యమైన కణుపులను కోసి వేరుగా నాటుకుంటే వంశం నిలుస్తుంది.

మరొక సూచన ఉన్నది. వానకాలంలో తెల్లవారుజామున మనీ ప్లాంటు, చేమ జాతి మొక్కల ఆకు కొసలలో నీటిబొట్లు వేలాడుతూ కనిపిస్తాయి. అది మంచు కాదు. గాలి తేమతో నిండి ఆకునుంచి ఆవిరి పోలేనప్పుడు, తడిమట్టిలోని వేళ్ళు పైకి నెట్టిన నీరు అట్లా బయటకు వస్తుంది. జబ్బు కాదు గాని, కుండీ నిండుగా ఉన్నదని మొక్క చెప్పే మాట. ఆ రోజు నీటి చెంబు ముట్టనవసరం లేదు.

ఏడాది పొడవునా ఎట్లా?

జనవరి - ఏప్రిల్: రెండు రోజులకొకసారి కుండీ పరీక్షించాలి. నీరు పోసే రోజున కొంచెం కొంచెంగా, మట్టి అంతా తడిసి, అడుగు రంధ్రంనుంచి నాలుగు చుక్కలు కనిపించే వరకు పోయాలి. రోజూ పైపైన చిలకరిస్తే పై అంగుళం మాత్రమే తడిసి, క్రింది వేళ్ళు ఎండుతాయి; పోసిన నీరూ త్వరగా ఆవిరవుతుంది. 20 సెంటీమీటర్ల కుండీ నోటినుంచి ఒక్క మిల్లీమీటరు నీరు ఆవిరయితే 31 మిల్లీలీటర్లు పోయినట్లు. మట్టిమీద ఎండుటాకులో, కొబ్బరిపీచో పరిస్తే ఈ నష్టం బాగా తగ్గుతుంది. కుండీలను ఒకచోట దగ్గరగా చేర్చి, మధ్యాహ్నపు ఎండనుంచి, సముద్రపు గాలినుంచి తప్పించాలి.

మే - సెప్టెంబరు: మొదటి పెద్ద వాన పడిన రోజే అలవాటు మార్చుకోవాలి. కుండీలను చూరునీరు పడని వరండాలోకి చేర్చి, క్రింది పళ్ళేలను తీసివేయాలి. మబ్బువల్ల వెలుతురు తగ్గి మొక్క నెమ్మదిస్తుంది, గాలి దాహమూ తగ్గుతుంది. వరండాలోని మనీ ప్లాంటుకు ఒక్కొక్కప్పుడు పది, పదిహేను రోజుల వరకు నీరు అక్కరలేకపోవచ్చు. పోయవలసి వస్తే ఉదయం పూట, ఆకులు తడవకుండ మొదట్లో పోయాలి. ఈ నెలలలో మొక్క చనిపోతే కారణం ఎక్కువసార్లు నీరే.

అక్టోబరు - డిసెంబరు: ఇవి నమ్మరాని నెలలు. నాలుగు రోజులు ముసురు, నాలుగు రోజులు ఎండ. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే లెక్కలన్నీ తారుమారవుతాయి. రోజు చూచి కాక కుండీ చూచి నడచుకొనే అలవాటు ఈ కాలంలో బాగా పట్టుబడుతుంది. కుండీ మార్చడం, తీగ కత్తిరించడం వంటి పనులు వాన నెలలలోనే ముగించుకొని, పొడి నెలలకు మొక్కను బలంగా అప్పగించాలి. డిసెంబరు వానలు వెళ్ళకముందు చేయవలసిన మరొక ముఖ్యమైన పని ఉన్నది.

ఒక డ్రమ్ము, పదకొండు కుండీలు

మార్చి నెలలో కుళాయి రాని రోజున వంటింటికీ వరండాకూ తగవు వస్తుంది. "మనుషులకే లేకపోతే మొక్కలకా?" అన్న మాట ఏ ఇల్లాలి నోటనైనా న్యాయమైనదే. ఈ తగవు లెక్కతో తీరుతుంది.

చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. పది చదరపు మీటర్ల వరండా రేకులమీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 200 లీటర్ల డ్రమ్ము నిండుతుంది. ద్వీపాలలో అది ఒక మంచి జల్లు మాత్రమే. డిసెంబరులో, రేకులను కడిగిన మొదటి నీటిని వదలివేసి, తరువాతి నీటితో డ్రమ్ము నింపి మూత బిగించండి. జనవరి 1 నుంచి ఏప్రిల్ చివరకు 17 వారాలు. నీడలో ఉన్న మధ్యరకం కుండీకి వారానికి లీటరు చొప్పున లెక్కవేస్తే, ఒక్కొక్క కుండీకి 17 లీటర్లు. అనగా ఆ ఒక్క డ్రమ్ము పదకొండు కుండీలను కుళాయితో పనిలేకుండ ఉగాది దాటిస్తుంది. డ్రమ్ము లేనివారికి కూడ పదకొండు కుండీలకు వారానికయ్యేది 11 లీటర్లు, ఒక బకెట్టు లోపే. గొట్టం పట్టుకొని రోజూ తడిపేవారికి అయ్యే ఖర్చుతో దీనిని పోల్చి చూడండి. మొక్కను చంపే అలవాటే నీటిని కూడ వృథా చేస్తున్నదని తెలుస్తుంది.

ఏ నీరు పోయాలి?

వాననీరు అన్నిటికంటె మేలు. దాని తరువాత ఏసీ యంత్రంనుంచి కారే నీరు. గాలిలోని ఆవిరి చల్లబడి ఏర్పడినది కనుక దానిలో లవణాలు దాదాపు ఉండవు. మన కార్యాలయాలలో రోజూ బకెట్లకొద్దీ ఊరకే పారిపోతున్న ఈ నీటిని పట్టి ఉంచితే కార్యాలయపు మొక్కలకు కుళాయి అవసరమే రాదు. బియ్యం, పప్పు కడిగిన నీరు వారానికొకసారి పోయవచ్చు. ఉప్పు వేసినదీ, పులిసినదీ పనికిరాదు. నీటిని శుద్ధిచేసే ఆర్వో యంత్రం విడిచే వ్యర్థపు నీటిలో లవణాలు మామూలు నీటికంటె ఎక్కువగా ఉంటాయి కావున దానిని నేల కడగడానికి వాడుకోవడం మంచిది.

ఉప్పు విషయంలో ద్వీపవాసులకు ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో సముద్రపు నీరు పొలాలలోకి, బావులలోకి చొరబడినది. దక్షిణ అండమాన్‌లో నేల క్రుంగడంతో సిప్పీఘాట్ పరిసరాల పల్లపు పొలాలు ఉప్పునీటిలోనే ఉండిపోయాయి. సముద్రం వెనుకకు మళ్ళిన చోట్ల మాత్రం తరువాతి వానలు మట్టిలోని ఉప్పును క్రమంగా కడిగివేశాయి. కుండీలో కూడ ఇదే సూత్రం. పొడి నెలలలో పోసిన నీరు ఆవిరై, దానిలోని లవణాలు మట్టిలో మిగిలి, పైన తెల్లని పొరగాను, ఆకు కొసలు మాడటంగాను కనిపిస్తాయి. జూన్ నెలలో ఒక పెద్ద వానలో కుండీని ఒక పూట బయట ఉంచి, నీరు ధారాళంగా క్రిందికి కారనిచ్చి, తిరిగి వరండాలోకి చేర్చండి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్ళలో ఆకులపై చేరే ఉప్పును పక్షానికొకసారి తడిగుడ్డతో తుడవాలి.

మొక్కనుబట్టి కూడ కొంత తేడా ఉన్నది. సర్పాకారపు నిలువు ఆకుల స్నేక్ ప్లాంటు తన ఆకులలోనే నీరు దాచుకుంటుంది; మట్టి పూర్తిగా ఎండిన తరువాతనే దానికి పోయాలి. అగ్లోనీమా, డిఫెన్‌బేకియాలకు పై రెండంగుళాలు ఆరితే చాలు. డిఫెన్‌బేకియా పాలు నోటికి తగిలితే మంట, వాపు కలుగుతాయి కనుక పసిపిల్లలకు అందనీయరాదు. ఈ దీవుల అడవులలో చెట్ల కొమ్మలమీద గూడువలె పెరిగే బర్డ్స్ నెస్ట్ ఫెర్న్‌ను ఎన్నడూ పూర్తిగా ఎండనీయరాదు; నీటిని నడిమి గూటిలో కాక చుట్టూ పోయాలి.

పళ్ళెంలో నిలిచిన నీరు

ఇది మొక్కకంటె మనుషులకు ముఖ్యమైన విషయం. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమకు మురికికాలువ అక్కరలేదు. కుండీ క్రింది పళ్ళెంలోని గుక్కెడు మంచినీరు చాలు. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి దోమగా మారడానికి ఇంచుమించు వారం, పది రోజులు పడుతుంది. కావున వారానికొక రోజు నియమం పెట్టుకొని పళ్ళేలన్నిటినీ బోర్లించి, లోపలి అంచులను పీచుతో రుద్ది కడగాలి. దాని గుడ్లు పొడి అంచుకు అంటుకొని నెలల తరబడి బ్రతికి ఉండగలవు కనుక నీరు పారబోసినంత మాత్రాన చాలదు. సీసాలో నీటిలో పెంచే మనీ ప్లాంటుకు ప్రతి వారం నీరు మార్చి, సీసా మూతిని దూదితో మూయాలి. వాననీటి డ్రమ్ముకు మూత క్రింద పలుచని గుడ్డ కట్టాలి.

సెలవుపై వెళ్ళేటప్పుడు

వేసవి సెలవులకు నెలరోజులు సొంత ఊరికి వెళ్ళే కుటుంబాలకు కుండీల బెంగ సహజం. దీనికి దాదాపు రెండువందల ఏళ్ళనాటి ఉపాయమున్నది. లండను వైద్యుడు నథానియల్ వార్డ్ 1829 లో మూతపెట్టిన సీసాలోని తడిమట్టిలో ఒక ఫెర్న్, ఒక గడ్డిమొక్క తమంతట పెరగడం గమనించాడు. మట్టిలోని నీరు ఆవిరై, గాజుకు తగిలి చల్లబడి, తిరిగి మట్టిలోకే చేరుతున్నది. 1833 లో ఆయన అటువంటి అద్దాల పెట్టెలలో మొక్కలనుంచి లండను నుంచి సిడ్నీకి ఓడలో పంపగా, నెలల తరబడి ప్రయాణం తరువాత అవి సజీవంగా చేరాయి. అంతకుముందు సముద్రయానంలో మంచినీటి కొరతకు, ఉప్పుగాలికి మొక్కలు చాలవరకు చనిపోయేవి. తరువాత చైనానుంచి తేయాకు మొక్కలు మన దేశానికి వచ్చినది కూడ ఈ పెట్టెలలోనే.

మనకు అద్దాల పెట్టె అక్కరలేదు. ప్రయాణానికి ముందురోజు కుండీని బాగా తడిపి, అదనపు నీరు పూర్తిగా కారనిచ్చి, నాలుగు పుల్లలు గ్రుచ్చి, ఆకులకు తగలకుండ తెల్లని పారదర్శకమైన పాలిథిన్ సంచిని పైనుంచి తొడగాలి. లోపల బూజు పట్టకుండ ఒక మూల కొంచెం వదులుగా ఉంచాలి. ఎండ సూటిగా పడని వెలుతురులో ఉంచితే మూడు వారాలకు ఢోకా ఉండదు. ఎండలో ఉంచితే మాత్రం లోపల మొక్క ఉడికిపోతుంది. ఇంకా ఎక్కువ రోజులయితే, మూతగల నీటి డబ్బాను కుండీకంటె కొంచెం ఎత్తున ఉంచి, మూతకు చేసిన బెజ్జంగుండా పాత నూలుచీర పీలికను దించి, రెండవ కొసను మట్టిలో పాతాలి. దీపపు వత్తి నూనెను పీల్చినట్లే అది నీటిని కొద్దికొద్దిగా అందిస్తుంది. పొరుగువారికి అప్పగిస్తే మాత్రం "రోజూ పోయండి" అని కాక, "ఎత్తి చూచి పోయండి" అని చెప్పడం మరువరాదు.

చివరిగా ఒక మనవి. కత్తిరించిన మనీ ప్లాంటు తీగలను అడవి అంచున పారవేయవద్దు. ప్రతి కణుపూ వేరు పట్టగలదు. చెట్టెక్కితే ఆకు మూరెడంత పెరిగి, స్థానిక వృక్షాలను కప్పివేస్తుంది. ఈ దీవుల అడవి మరెక్కడా దొరకని మొక్కలకు నెలవు. మన వరండాలో అతిథిగా ఉన్న తీగ అక్కడ ఆక్రమణదారు కారాదు.

నీరు పోయడం పుణ్యమని మన పెద్దలు చెప్పారు. ఎప్పుడు పోయాలో తెలిసి పోసినప్పుడే ఆ పుణ్యం మొక్కకు దక్కుతుంది. చెంబు చేతికి తీసుకొనే ముందు, ముందుగా కుండీని ఒక్కసారి ఎత్తి చూడవలసినదిగా సోదర ఉద్యోగులను, వారి కుటుంబ సభ్యులను కోరుతున్నాము.